పాలీన్ న్యూమన్ – రోజ్ ష్నైడర్‌మన్ ఉత్తరాలు

అమెరికాలో కుట్టుపని కార్మికుల యూనియన్ల కోసం ఊరూరా తిరిగిన పాలీన్ న్యూమన్, న్యూయార్క్‌లో ఉన్న తన నేస్తం రోజ్ ష్నైడర్‌మన్‌కు 1910ల తొలి సంవత్సరాల్లో రాసిన ఉత్తరాలివి. ఆడకూలీలను సంఘంలో చేర్చడం, ఆడవాళ్లకు ఓటు తేవడం అనే రెండు బరువులూ ఒకే నెత్తిన పడితే ఎలా ఉంటుందో వీటిలో తెలుస్తుంది. వేదికలెక్కినప్పుడు ఇద్దరూ గట్టి వక్తలు. కాగితం మీద మాత్రం పాలీన్ అలసట, ఒంటరితనం, సొంత పక్షం వాళ్ల మీద ఉడుకుమోతుతనం దాచుకోలేదు. ఉపన్యాసాల కంటే ఈ ఉత్తరాలే ఆ ఉద్యమానికి మంచి సాక్ష్యం అనిపించేది అందుకే.

ఇద్దరూ యూదు వలస కుటుంబాల పిల్లలు. రోజ్ 1882లో రష్యా ఏలుబడిలోని పోలండ్‌లో పుట్టింది. న్యూయార్క్ చేరాక చిన్నతనంలోనే తండ్రి పోయాడు. దుకాణంలో పనికి కుదిరి, జీతం చాలక టోపీలు కుట్టే పనిలోకి మారింది. 1903లో ఆ కార్ఖానాల ఆడవాళ్లతో యూనియన్ శాఖ పెట్టింది. లిథువేనియా నుంచి వచ్చిన పాలీన్ 1901లో ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ కంపెనీలో చేరేనాటికి ఇంకా చిన్నపిల్ల. తనిఖీ అధికారి వస్తున్నాడంటే మేస్త్రీలు పిల్లల్ని పెట్టెల్లో దాచి పైన జాకెట్లు కప్పేవారని ఆమె తర్వాత చెప్పింది. 1909లో మహిళా దుస్తుల కార్మికుల అంతర్జాతీయ యూనియన్ ఆమెను తన తొలి మహిళా ఆర్గనైజర్‌గా వేసుకుంది. అదే ఏడాది నవంబరులో న్యూయార్క్‌లో దాదాపు 20,000 మంది కుట్టుపనివాళ్లు సమ్మె కట్టారు. వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే.

ఇద్దరినీ కలిపిన మరో వేదిక మహిళా ట్రేడ్ యూనియన్ లీగ్. 1903లో బోస్టన్‌లో పుట్టిన ఈ లీగ్‌లో కార్మిక స్త్రీలతో పాటు డబ్బున్న ఇళ్ల ఆడవాళ్లూ సభ్యులే. హాలు అద్దె, జామీను సొమ్ము, పత్రికల్లో పరపతి ఈ రెండోవాళ్ల వల్ల వచ్చేవి. ఐరిష్ కార్మిక కుటుంబంలో పుట్టి పదకొండో ఏటనే కార్ఖానాకు వెళ్లిన లియొనోరా ఓరైలీ పూర్తికాలం ఉద్యమంలో ఉండగలిగిందంటే, సంపన్నురాలైన మేరీ డ్రయర్ 1909లో ఆమెకు జీవితాంతం భృతి ఏర్పాటు చేయడం వల్లే. ఆ మేలు నిజం. ఒకరి సొమ్ము మీద మరొకరు పోరాడటంలోని ఇబ్బందీ అంతే నిజం. ఓరైలీ లీగ్‌కు రాజీనామా ఇచ్చి, మళ్లీ తిరిగొచ్చి, చివరికి మళ్లీ వెళ్లిపోయింది.

పాలీన్ ఉత్తరాల్లో రెండు ఫిర్యాదులు మళ్లీ మళ్లీ వస్తాయి. మొదటిది యూనియన్ పెద్దమనుషుల మీద. సమ్మె రగిలినప్పుడు ఆమె కావాలి, చల్లారాక ఆమె మాట ఎవరికీ పట్టదు. 1911లో ఆమె పనిచేసిన క్లీవ్‌లాండ్ కుట్టుపనివాళ్ల సమ్మె ఓడిపోయింది. 1912లో మిషిగన్ రాష్ట్రంలోని కాలమజూలో, నడుము బిగించే కోర్సెట్లు కుట్టే ఆడవాళ్లు జీతాల కోసమే కాక, మేస్త్రీల లైంగిక వేధింపుల మీద కూడా సమ్మెకు దిగారు. ఈ రెండో సంగతి అప్పటి నాయకులకు నోట పలకడానికే ఇబ్బందిగా ఉండేది. ఇలాంటి ఊళ్ల మధ్య రైలు ప్రయాణాలు, తెలియని ఊళ్లో బస, పలకరించే దిక్కు లేకపోవడం ఆమెకు రోజూ ఉండే బతుకు. పని మానేద్దామా అన్న ఆలోచన కూడా రోజ్‌కే చెప్పుకుంది.

రెండో ఫిర్యాదు లీగ్‌లోని పెద్దింటి ఆడవాళ్ల మీద. వాళ్ల మనసు మంచిదే కానీ కూలి బతుకు తెలియదని పాలీన్ అభిప్రాయం. 1914లో న్యూయార్క్ లీగ్ అధ్యక్ష పదవికి రోజ్ పోటీచేసి, టోపీల అలంకరణ పని చేసే మెలిండా స్కాట్ చేతిలో కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. వలస యూదు ఆడపిల్లల కంటే అమెరికాలో పుట్టిన కార్మికుల మీద దృష్టి పెట్టాలనేది స్కాట్ వర్గం వాదన. ఓటమి తర్వాత పాలీన్ రాసిన ఉత్తరం ఈ మొత్తంలో ముఖ్యమైనది. రోజ్‌లో ప్రత్యర్థులకు దొరికిన తప్పులు మూడేనని ఆమె లెక్కతేల్చింది: సోషలిస్టు కావడం, యూదు స్త్రీ కావడం, ఓటు హక్కు మీద ఆసక్తి ఉండటం. మూడోది చదివి ఆగిపోతాం. ఆడవాళ్ల సంస్థలోనే, ఆడవాళ్ల ఓటు కోసం పనిచేయడం ఒక నేరంగా లెక్కకొచ్చిందన్నమాట! ఓటు పని వల్ల యూనియన్ పని వెనకబడుతుందని అక్కడివాళ్ల గొణుగుడు.

ఈ ఇద్దరి దృష్టిలో అవి రెండు పనులు కావు. 1911 మార్చి 25న ట్రయాంగిల్ కంపెనీలో మంటలు లేచి 146 మంది చనిపోయారు. ఒకప్పుడు పాలీన్ పనిచేసిన చోటది. అగ్నిప్రమాద నిబంధనలు, పనిగంటలు, తనిఖీలు అన్నీ శాసనసభలో తేలే విషయాలు, ఆ సభను ఎన్నుకునే హక్కు అక్కడ పనిచేసిన ఆడవాళ్లకు లేదు. అదే ఏడాది ఓరైలీ తదితరులు కూలిచేసే ఆడవాళ్ల కోసమే ఓటు హక్కు సంఘం పెట్టారు. 1912 ఏప్రిల్‌లో కూపర్ యూనియన్ హాలులో జరిగిన సభలో, ఓటేస్తే ఆడవాళ్ల సుకుమారం పోతుందన్న సెనేటర్‌కు రోజ్ జవాబిచ్చింది: లాండ్రీల్లో ఆడవాళ్లు ఆవిరిలో, ఉక్కలో పదమూడు, పద్నాలుగు గంటలు నిలబడి వేడి గంజిలో చేతులు ముంచుతున్నారు, ఏడాదికోసారి పెట్టెలో చీటీ వేస్తే అంతకంటే పోయే అందమేమీ లేదని. ఆ వేసవిలో ఓటు హక్కు ప్రచారం కోసం ఒహాయో వెళ్లింది. సెప్టెంబరులో అక్కడి మగ ఓటర్లు తీర్మానాన్ని ఓడించారు.

న్యూయార్క్ రాష్ట్రంలోనూ 1915 ప్రజాభిప్రాయ సేకరణ ఓడిపోయి, 1917 నవంబరు 6న గెలిచింది. ఆ గెలుపుకు ఆధిక్యం ఇచ్చింది న్యూయార్క్ నగరం. దేశమంతటికీ 1920లో 19వ రాజ్యాంగ సవరణతో ఓటు వచ్చింది. 1914లో ఓడించిన న్యూయార్క్ లీగే 1918లో రోజ్‌ను అధ్యక్షురాలిని చేసింది. 1926లో జాతీయ లీగ్‌కూ ఆమె అధ్యక్షురాలైంది. ఆమె 1972లో, పాలీన్ 1986లో కన్నుమూశారు.

రోజ్ దాచుకున్న ఈ ఉత్తరాలు ఇప్పుడు వాషింగ్టన్ స్క్వేర్ పక్కన న్యూయార్క్ విశ్వవిద్యాలయపు టామిమెంట్ గ్రంథాలయంలో ఉన్నాయి. ట్రయాంగిల్ కార్ఖానా ఉన్న భవనం కూడా నేడు అదే విశ్వవిద్యాలయానిది, అక్కడికి నడిచివెళ్లేంత దూరమే.