మజిలీ కథలూ, నారింజరంగు మీటా

కాశీకి కాలినడకన బయలుదేరిన మణిసిద్ధునికి తోడుగా వచ్చేవారే దొరకలేదు. చివరకు ఒక గోపకుమారుడు ఒప్పుకున్నాడు, అదీ ఒక షరతు మీద: దారిలో తాను చూసిన వింతల గురించి అడిగితే కథ చెప్పాలి. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలకు ఎత్తుగడ ఇదే. చిన్నప్పుడు ఆ పుస్తకాల్లో రాకుమారులనూ మాయలనూ చూశానే గాని ఈ ఒప్పందాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు చూస్తే దూరప్రయాణంలో వినే వినోదానికి ఇంతకన్న మంచి నియమం లేదనిపిస్తుంది. నడిచేటప్పుడు నడక, మజిలీలో కథ. ఆ కథకు మూలం దారిలో కుర్రవాడు కళ్ళారా చూసినదే. పైగా చెప్పేవాడు వినేవాడి పక్కనే ఉంటాడు.

ఆ ఒప్పందం ఎప్పుడు సడలిందన్న ఆలోచన నాకు అమెరికాలోని అపలాచియన్ కాలిబాట మీద కలిగింది. బెంటన్ మెకాయ్ 1921లో ప్రతిపాదించగా 1937 నాటికి పూర్తయిన ఆ బాట జార్జియా నుంచి మెయిన్ దాకా, 14 రాష్ట్రాల గుండా, సుమారు 3,500 కిలోమీటర్లు సాగుతుంది.

ఈ చివరి నుంచి ఆ చివరికి ఏకబిగిన నడిచినట్లు నమోదైన తొలి మనిషి ఎర్ల్ షేఫర్. రెండవ ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుడతడు. తనతో కలిసి కొండలెక్కిన చిన్ననాటి మిత్రుడు ఆ యుద్ధంలోనే పోయాడు. మనసును పట్టిన యుద్ధాన్ని నడకతో వదిలించుకోవాలని 1948 ఏప్రిల్‌లో బయలుదేరి 124 రోజులు నడిచాడు. ఆ దారిలో అతడు రాసుకున్న చిన్న దినచర్య పుస్తకం ఇప్పుడు స్మిత్సోనియన్ సంస్థలో భద్రంగా ఉంది.

ఆనాటి రేడియోలు వాల్వులతో పనిచేసేవి. చేత పట్టుకుపోగలిగినవాటికి కూడా, వాల్వుల లోపలి తీగను వేడిచేయడానికొకటి, ఎక్కువ వోల్టేజి అందించడానికొకటి, వేర్వేరు బ్యాటరీలు కావలసివచ్చేవి. నాలుగు నెలలపాటు వీపున మోయదగిన సరంజామా కాదది. ఆ సంవత్సరమే డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. దాని నాటకాలు వినాలంటే మనవాళ్ళలో చాలామంది రేడియో ఉన్న ఇంటి అరుగు దాకా నడిచి వెళ్ళవలసిందే. అప్పటికింకా శబ్దం దగ్గరికి మనిషే నడిచేవాడు.

1954లో రీజెన్సీ టీఆర్-1 అనే తొలి ట్రాన్సిస్టర్ రేడియో అమ్మకానికి వచ్చింది. నాలుగు ట్రాన్సిస్టర్లు, 22.5 వోల్టుల చిన్న బ్యాటరీ, ధర 49.95 డాలర్లు. జేబులో ఇమిడిపోయింది. అయితే మీడియం వేవ్ తరంగాలు పగటిపూట ఎక్కువ దూరం పోవు. రాత్రయితే అయనోవరణం నుంచి పరావర్తనం చెంది వందల కిలోమీటర్ల అవతల కూడా వినిపిస్తాయి. కనుక కొండల్లో దానికి అనువైన వేళ రాత్రి, అనువైన చోటు మజిలీ. చిన్నదే అయినా స్పీకరు ఉంది గనుక పక్కవాడి చెవినీ పడేది. పాత ఒప్పందం ఇంకా పూర్తిగా చెడలేదన్నమాట.

1979 జులై 1న జపాన్‌లో 33,000 యెన్ల ధరకు సోనీ వాక్‌మన్ వచ్చింది. ఆ తొలి నమూనాకు హెడ్‌ఫోన్లు తగిలించే రంధ్రాలు రెండున్నాయి. నారింజరంగు మీట కూడా ఒకటుంది. దాన్ని నొక్కితే పాట తగ్గి, లోపలి మైకు ద్వారా పక్కవారి మాట వినిపించేది. ఒక్కడే కూర్చుని వినడం మర్యాద కాదేమోనన్న సోనీ సహవ్యవస్థాపకుడు అకియో మోరిటా సంకోచమే ఈ ఏర్పాటుకు కారణం. కొన్నవాళ్ళకు ఆ సంకోచం లేదు. ఎవరి యంత్రం వారిదే అనుకున్నారు. తర్వాతి నమూనాల్లో మీట పోయింది, కాలక్రమేణా రెండో రంధ్రమూ పోయింది.

ఇక మిగిలింది బరువు. పెద్ద నవల వినాలంటే ఎన్నో క్యాసెట్లు కావాలి, దూరం నడిచేవాడు ప్రతి గ్రామూ లెక్కపెట్టుకుంటాడు. 2001 నవంబరులో వచ్చిన ఐపాడ్ 185 గ్రాముల్లో వెయ్యి పాటలు ఇమిడ్చి ఆ అడ్డూ తొలగించింది.

2011లో మా బావగారూ నేనూ ఆ బాటలో షెనాండోవా జాతీయోద్యానం గుండా పోయే భాగాన్ని, సుమారు 160 కిలోమీటర్లు, నడవబోయాం. నా చెవుల్లో పాత రేడియో నాటకాలు. మూడోనాడు నేను ముందు, ఆయన వెనక. నాటకం రక్తి కట్టింది, దారి తెలియకుండా సాగిపోయింది. అది ముగిసి వెనుదిరిగి చూస్తే ఆయన లేరు. ముప్పావుగంట వెనక్కి నడిచాను. తడిరాయి మీద జారి, చీలమండ వాచి, చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నారు.

"ఎన్నిసార్లు పిలిచారు బావా?" అన్నాను.

"లెక్కపెట్టలేదయ్యా. కొంతసేపటికి మానేశాను" అన్నారు.

కోపగించుకుని ఉంటే బాగుండేది. ఆ నడక అక్కడితో ముగిసింది. ఆయన కాలు నెల తిరిగేసరికి నయమైంది. ఆ మాట మాత్రం నాకు ఇప్పటికీ మానలేదు.

రేడియో నాటకాలను నేను వదల్లేదు. అవి నా బాల్యపు గొంతులు. తోడు ఉన్నప్పుడు మాత్రం మజిలీలోనే, ఇద్దరికీ వినబడేటట్లు పెడతాను. ఒంటరిగా నడిచేటప్పుడు ఒక చెవిలోనే పెట్టుకుంటాను. రెండో చెవి దారిది.