గడప లోపల ఎండ కరువు

నలభై దాటిన ఆడవాళ్లున్న ఇళ్లలో మందుల డబ్బా తెరిస్తే తరచుగా ఒక చిన్న పొట్లం కనిపిస్తుంది. 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి. వారానికొకటి, పాలలో కలుపుకుని తాగాలి. రోళ్లు పగిలే ఎండలున్న ఊళ్లో ఎండ ఇచ్చేదాన్ని కొనుక్కు తాగడమేమిటని పెద్దవాళ్లు విసుక్కుంటారు. ఆ విసుగులో న్యాయముంది. జవాబు మాత్రం చాలా వెనక నుంచి మొదలవుతుంది.

పిల్లల ఎముకలు మెత్తబడి కాళ్లు విల్లులా వంగిపోయే జబ్బు రికెట్స్. మనం దొడ్డికాళ్లంటాం. దీనిమీద 1650లోనే ఇంగ్లండ్ వైద్యుడు ఫ్రాన్సిస్ గ్లిసన్ పుస్తకం రాశాడు. తర్వాత పొగ కమ్మిన ఫ్యాక్టరీ ఊళ్లలో అది ఇంటింటి జబ్బయింది. పల్లె పిల్లలకు రానిది వార్సా నగరం పిల్లలకే ఎందుకొస్తోందని పోలండ్ వైద్యుడు స్నియాదెత్స్కీ 1822లో ఆలోచించి, బిడ్డలను ఎండలో తిప్పమన్నాడు. ఆ మాట ఎవరూ పెద్దగా చెవిన పెట్టలేదు.

చిక్కుముడి విడటానికి దాదాపు వందేళ్లు పట్టింది. 1919లో బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ రికెట్స్ పిల్లలకు అతినీలలోహిత దీపం కాంతి పట్టించాడు. ఒక చేతికే కాంతి తగిలినా రెండో చేతి ఎముకలూ గట్టిపడ్డాయి! చర్మంలో తయారైనదేదో రక్తంలో తిరుగుతోందన్నమాట. అదే కాలంలో ఇంగ్లండ్‌లో మెలన్‌బీ, ఇంటిలోపలే పెంచిన కుక్కపిల్లలకు ఓట్స్ జావ పెట్టి రికెట్స్ తెప్పించి, కాడ్ చేప కాలేయ నూనెతో తగ్గించాడు. నూనెలోని ఆ గుణానికి 1922లో అమెరికాలో మెక్కాలమ్ పేరు పెట్టాడు. ఎ, బి, సి అప్పటికే అయిపోయాయి గనుక డి. ఒంట్లోనే తయారయ్యేదాన్ని విటమిన్ అనడం నిజానికి తప్పే. కాలేయం, కిడ్నీ మార్చాకే అది పనికొస్తుందని, అంటే హార్మోన్ లాంటిదని 1970 ప్రాంతంలో తేలింది. అప్పటికి పేరు స్థిరపడిపోయింది.

ఈ కథలో నాకు మింగుడుపడని అధ్యాయం మాత్రం మన దేశంలోది. శ్రీనగర్‌లో స్త్రీలకు వైద్యం చేసిన కాథ్లీన్ వాన్, పర్దా వల్ల తల్లులకు జరుగుతున్న హాని మీద 1928లో పుస్తకమే రాసింది. నాలుగు గోడల మధ్య పెరిగిన ఆడవాళ్లకు ఎముకలు మెత్తబడి, కటి భాగం ఇరుకై, పురుడు ప్రాణాంతకమయ్యేది. జీలం మీద పడవల్లో బతికే బీద స్త్రీలకు ఆ బాధ లేదు. ఆకాశం ఇద్దరికీ ఒకటే. గడప దాటే హక్కు ఒకరికే ఉంది. ఎండ కరువు దేశానిది కాదు, ఇంట్లో ఒక్కొక్కరిది.

మన దగ్గరికి వస్తే, తిరుపతి స్విమ్స్ వైద్య సంస్థలో హరినారాయణ్ బృందం చేసిన పరిశోధనలు చదవదగ్గవి. పల్లెవాసుల రక్తంలో విటమిన్ డి పట్టణవాసులకన్నా మెరుగ్గా ఉన్నా, వాళ్లలోనూ చాలామందికి చాలినంత లేదు. చర్మంలో అది బాగా తయారయ్యేది పగలు 11 నుంచి 2 గంటల మధ్య అని కూడా వాళ్లు చూపించారు. సరిగ్గా మనం తలుపులు వేసుకుని ఫ్యాను కింద కూర్చునే వేళ! చంటిపిల్లకు నూనె రాసి నీరెండలో పడుకోబెట్టే అమ్మమ్మల పద్ధతి ముచ్చటైనదే గాని, పొద్దున్నే విటమిన్ డి తయారుచేసే కిరణాలు నేలకు దిగేది తక్కువ. తల్లిపాలలోనూ విటమిన్ డి అంతంతమాత్రమే. అందుకే ఏడాది నిండేదాకా రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయమని పిల్లల డాక్టర్లు చెబుతారు.

పోషకాలు చేర్చినట్టు తెలిపే ప్లస్ ఎఫ్ గుర్తున్న పాల ప్యాకెట్‌లో లీటరుకు 200 నుంచి 300 యూనిట్ల విటమిన్ డి కలుపుతారు. గ్లాసుడు పాలతో 50 వస్తే గొప్ప. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 600. పాలొక్కటే చాలదు.

అలాగని విటమిన్ డి సర్వరోగ నివారిణి కాదు. అమెరికాలో 25,871 మందితో జరిపిన వైటల్ పరిశోధనలో విటమిన్ డి మాత్రలు క్యాన్సర్‌నూ గుండెపోటునూ ఆపలేదని 2018లో తేలింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఊరికే రక్తపరీక్షలు చేయించొద్దని అక్కడి హార్మోన్ నిపుణుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2024లో చెప్పింది. కాబట్టి పొట్లం డాక్టరు రాస్తేనే కొనండి. రాసినా, దానిమీద వేసుకోవలసిన వారం పేరు పెన్నుతో రాసిపెట్టండి. వారానికొకటి వేసుకోవలసింది పొరపాటున రోజుకొకటి చొప్పున వేసుకుంటూ పోతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి.