మైకు ముందు మహారాజకుమారుడు

మా మెట్ట ప్రాంతంలోకి క్రికెట్టు మొదట చెవుల ద్వారానే ప్రవేశించింది. టీవీలు ఇంటింటికీ రాకముందు, నందిగామలోనూ జగ్గయ్యపేటలోనూ టెస్టు మ్యాచ్ నాడు ట్రాన్సిస్టరున్న కిళ్ళీకొట్టు దగ్గరే జనం మూగేవారు. మైదానమెరుగని శ్రోతకు ఆ గొంతే మైదానం. వ్యాఖ్యాత వంశంతో, సిరితో అతనికి నిమిత్తం లేదు. మాట బాగుంటే వింటాడు, లేకుంటే మీట తిప్పేస్తాడు.

ఆట మాని ఈ పరీక్షకు కూర్చున్న తొలితరం క్రికెటర్లలో ఒక తెలుగు రాజకుమారుడున్నాడు. ఆయన విజయనగరం పూసపాటి వంశీయుడు విజయానంద గజపతిరాజు (1905–1965). క్రికెట్ లోకానికి ‘విజ్జీ’.

1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు నాయకత్వం ఆయనకు దక్కింది. అది బ్యాటు సంపాదించి పెట్టిన పదవి కాదు; ధనమూ పలుకుబడీ తెచ్చిపెట్టినది. 1932లో మన తొలి టెస్టుకు నాయకుడైన సి.కె.నాయుడు ఆ జట్టులో ఆయన కింద ఆడవలసివచ్చింది. తొలి టెస్టుకు ముందే లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట ఇంటికి పంపేశారు. మూడు టెస్టుల్లో విజ్జీ చేసినవి 33 పరుగులు. సిరీస్ 2–0తో పోయింది. ఆ పర్యటనలోనే ఆయనకు సర్ బిరుదం లభించింది! అనంతరం విచారణ జరిపిన బోమాంట్ సంఘం ఆయన నాయకత్వాన్ని తప్పుపట్టింది.

తర్వాతి కాలంలో విజ్జీ 1954 నుంచి 1957 దాకా క్రికెట్ బోర్డు అధ్యక్షుడయ్యాడు, రేడియో వ్యాఖ్యాత కూడా అయ్యాడు. 1959లో భారత జట్టు ఇంగ్లండులో ఆడినప్పుడు బీబీసీ ఆయనను అతిథిగా పిలిచింది. అయితే ఆయన వ్యాఖ్యానం గురించి మిగిలినది ఒక పరిహాసం. తాను పులులను వేటాడిన వైనం ఆయన వర్ణిస్తుంటే, తుపాకీ ఎందుకు, అడవిలో మీ వ్యాఖ్యానం పెట్టిన ట్రాన్సిస్టరు వదిలితే చాలదా అన్నాడట ఒక వెస్టిండీస్ ఆటగాడు. ఇది కట్టుకథే కావచ్చు. కాని జనం దాన్ని నమ్మారు, నేటికీ చెప్పుకుంటున్నారు.

అదే 1936లో మాంచెస్టరులో ముస్తాక్ అలీతో కలిసి తొలి వికెట్టుకు 203 పరుగులు జోడించిన విజయ్ మర్చంట్ కూడా తరువాత మైకు ముందుకు వచ్చాడు. వివిధభారతిలో ‘క్రికెట్ విత్ విజయ్ మర్చంట్’ నడిపాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్టులో 71కి పైగా సగటున్న మనిషి ఆట గురించి చెబుతుంటే శ్రోత మీట మీద చెయ్యి వేయడు. నాయకుడూ, అతని కింద ఆడినవాడూ చివరికి ఒకే న్యాయస్థానం ముందు నిలిచారు. అక్కడ సిఫార్సులు చెల్లలేదు.

ఇంతటితో విజ్జీని కొట్టిపారేయడం న్యాయం కాదు. 1930–31లో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మహామహులను సొంత ఖర్చుతో రప్పించి భారత్, సిలోన్‌లలో ఆడించినవాడు ఆయనే. విశ్వవిద్యాలయాల జోనల్ జట్లు ఆడే విజ్జీ ట్రోఫీ ఆయన పేరిటే ఉంది.

మా జగ్గయ్యపేటను వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గన్న పేరిట కట్టించాడు. జమీ పోయింది, ఊరు మిగిలింది. విజ్జీ విషయమూ అంతే. ఆయన పట్టుబట్టి పుచ్చుకున్న నాయకత్వం అపహాస్యం పాలైంది. ఆటకు ఆయన ఇచ్చినదాన్ని మాత్రం ఎవరూ కాదనలేరు.