జెంకర్ తిత్తి

జెంకర్ తిత్తి అనేది గొంతు వెనుక గోడలో, గ్రసని అన్నవాహికతో కలిసే చోటుకు కొంచెం పైన ఏర్పడే సంచి వంటి ఉబ్బు. దీనిని ఆంగ్ల వైద్య పరిభాషలో జెంకర్ డైవర్టిక్యులమ్ అంటారు. ఇది అరుదైన వ్యాధి. ఎక్కువగా అరవై ఏళ్ళు దాటినవారిలో, అందులోనూ పురుషులలో కనిపిస్తుంది.

చరిత్ర

ఈ తిత్తిని మొదట వర్ణించినవాడు బ్రిస్టల్ నగరానికి చెందిన శస్త్రవైద్యుడు అబ్రహాం లడ్లో.  1877లో జర్మనీ వైద్యులు ఫ్రీడ్రిష్ ఆల్బర్ట్ ఫాన్ జెంకర్, హ్యూగో ఫాన్ జీమ్సెన్ ఇటువంటి రోగుల వివరాలను క్రోడీకరించి విశ్లేషించారు. అందువలన దీనికి జెంకర్ పేరు స్థిరపడింది.

కారణం

అన్నవాహిక ముఖద్వారం వద్ద క్రైకోఫారింజియస్ అనే కండరం ఉంటుంది. మామూలుగా మూసుకొని ఉండే ఈ కండరం మింగేటప్పుడు సడలి ఆహారానికి దారి ఇస్తుంది. అది సరిగా సడలకపోతే గ్రసనిలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ కండరానికి పైన కిలియన్ త్రికోణం అనే బలహీన ప్రదేశం ఉంది. ఒత్తిడికి లోపలి పొర అక్కడినుండి వెలుపలికి ఉబ్బి క్రమంగా సంచిగా మారుతుంది. అనగా, వ్యాధికి మూలం సంచి కాదు, సడలని కండరం.

లక్షణాలు

మింగడం కష్టమగుట, తిన్నది కొన్ని గంటల తరువాత జీర్ణం కాకుండానే నోటిలోకి వచ్చుట, నోటి దుర్వాసన, మెడలో గుడగుడ శబ్దం, దగ్గు, బరువు తగ్గుట ముఖ్య లక్షణాలు. వేసుకొన్న మాత్రలు కూడా సంచిలో నిలిచిపోవచ్చు. సంచిలోని ఆహారం శ్వాసనాళంలోకి జారితే న్యుమోనియా వస్తుంది. వృద్ధులలో ఈ ఇబ్బందులను వయోభారంగా భావించి ఉపేక్షించే ప్రమాదం ఉంది. బేరియం ద్రవం మింగించి తీసే ఎక్స్‌రే ద్వారా వ్యాధిని నిర్ధారిస్తారు.

అంతర్దర్శిని చికిత్స

పూర్వం మెడపై కోత పెట్టి సంచిని తొలగించేవారు. అంతర్దర్శిని (ఎండోస్కోపు) పద్ధతిలో పరికరాన్ని నోటి ద్వారానే పంపుతారు, వెలుపల గాయం ఉండదు. సంచికీ అన్నవాహికకూ మధ్యనున్న గోడలోనే పై కండరం ఉంటుంది. ఆ గోడను కోస్తే కండరం తెగి దారి తెరచుకొంటుంది. సంచి అన్నవాహికతో కలిసిపోతుంది కనుక ఆహారం అందులో నిలువదు. సంచిని తీసివేయనవసరం లేదు.

అమెరికా వైద్యుడు హారిస్ మోషర్ 1917లో ఈ పద్ధతిని వివరించాడు. కాని ఒక రోగి మరణించడంతో దానిని విరమించాడు. 1960లో డోల్మన్, మాట్సన్ విద్యుత్తుతో కోసే విధానాన్ని ప్రకటించారు. ప్రస్తుత పద్ధతులు:

* స్టేప్లర్ విధానం: 1990 దశకంలో వచ్చింది. గోడను కోస్తూనే రెండు అంచులనూ కుట్టివేస్తుంది. పరికరం కొన పట్టనంత చిన్న సంచులకు పనికిరాదు.
* లేజరు విధానం: కార్బన్ డయాక్సైడ్ లేజరుతో గోడను కోస్తారు.
* వంగే అంతర్దర్శిని విధానం: 1995 నుండి వాడుకలో ఉంది. మెడ వెనుకకు వంచలేనివారికి, నోరు బాగా తెరవలేనివారికి అనుకూలం.
* జెడ్-పోయెమ్: 2016లో వెలుగులోకి వచ్చింది. లోపలి పొర కింద సొరంగం చేసి, కండరాన్ని మాత్రమే కోసి, పైపొరను క్లిప్పులతో మూస్తారు.

ప్రయోజనాలు, పరిమితులు

మెడ కోత కంటె ఈ చికిత్సకు తక్కువ సమయం పడుతుంది. రోగి త్వరగా కోలుకొని ఆహారం తీసుకోగలుగుతాడు. కాబట్టి వృద్ధులకు ఇది ఎంతో మేలు. అయితే రక్తస్రావం, అన్నవాహికకు రంధ్రం పడుట, ఛాతీ లోపలికి ఇన్ఫెక్షన్ వ్యాపించుట వంటి ప్రమాదాలు లేకపోలేదు. గోడ కొంత మిగిలిపోతే లక్షణాలు తిరిగి రావచ్చు. అప్పుడు చికిత్సను మరల చేయవచ్చు. లక్షణాలు లేని చిన్న సంచులకు సాధారణంగా చికిత్స అవసరం లేదు.