స్పాక్‌కి జ్వరం ఎందుకు వచ్చింది?

ఈసారి ఒక చిన్న చరిత్ర చెప్తాను: గొంతు మారితే కథ ఎలా మారిపోతుందో.

‘స్టార్ ట్రెక్’ సీరియల్ అమెరికాలో 1966లో మొదలైంది. జర్మనీలో 1972 మే 27న జెడ్‌డీఎఫ్ టీవీలో వచ్చింది. ఇక్కడ దాని పేరు ‘రౌమ్‌షిఫ్ ఎంటర్‌ప్రైజ్’. విదేశీ సీరియల్స్‌కి జర్మన్‌లో డబ్బింగ్ చెప్పడం ఇక్కడ పాత అలవాటు. బొమ్మ అదే, గొంతు వేరే మనిషిది.

డబ్బింగ్ మాటలు రాసేవాళ్లకి వచ్చే మొదటి చిక్కు మనకీ తెలిసిందే. ఇంగ్లీషులో ‘యూ’ ఒక్కటే. జర్మన్‌లో ‘జీ’, ‘డూ’ అని రెండున్నాయి, మన ‘మీరు’, ‘నువ్వు’ లాగా. కాబట్టి ఎవరు ఎవరికి ఎంత దగ్గరో రాసేవాళ్లే తేల్చాలి.

కొన్నిచోట్ల ఇంకా దూరం వెళ్లారు. సీరియల్ మొదట్లో వినిపించే ఇంగ్లీషు మాటల్లో ఐదేళ్ల యాత్ర అని ఉంటుంది, ఏ సంవత్సరమో ఉండదు. జర్మన్ గొంతు మాత్రం ఇది 2200వ సంవత్సరం అంటుంది.

పెద్ద మార్పు జరిగింది ‘అమోక్ టైమ్’ అనే 1967 నాటి ఎపిసోడ్‌లో. అసలు కథలో స్పాక్‌కి జతకట్టే కాలం వస్తుంది. తన వల్కన్ గ్రహానికి వెళ్లకపోతే ప్రాణం పోతుంది. అక్కడ తన స్నేహితుడు, కెప్టెన్ కర్క్‌తోనే పోరాడాల్సి వస్తుంది. జర్మన్ టీవీ దీన్ని పిల్లలు కూడా చూసే సీరియల్ అనుకుంది. అందుకని మాటలే మార్చేసింది. కొత్త పేరు ‘వెల్ట్‌రౌమ్‌ఫీబర్’, అంటే అంతరిక్ష జ్వరం. స్పాక్‌కి జబ్బు చేసిందట, ఆ పోరాటం జ్వరంలో వచ్చిన కలట! జర్మన్ ఒక్కటే వచ్చినవాళ్లు అదే కథ అనుకున్నారు. 1990ల్లో మళ్లీ డబ్బింగ్ చేశాకే అసలు కథ జర్మన్‌లో వినిపించింది.

ఇది చదివితే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. ఫోన్‌లో అమ్మమ్మ తెలుగులో మాట్లాడేది, అమ్మ నాకు జర్మన్‌లో చెప్పేది. అమ్మమ్మ ఒక నిమిషం కోప్పడితే, నా దాకా వచ్చేది ‘బాగా చదువుకోమంటోంది’ అని మాత్రమే. అమ్మది తప్పు కాదు. నేను చిన్నపిల్లని.

మొన్న మొదటిసారి మధ్యలో అమ్మ లేకుండా మాట్లాడాను. “ఇన్నేళ్లూ ఎందుకు రాలేదే నువ్వు?” అని అడిగింది అమ్మమ్మ. ప్రతి మాటా అర్థమైంది. జవాబు మాత్రం తెలుగులో వెంటనే రాలేదు.