ధాత కరవు నాటి కూలి

మన ఉరవకొండ ప్రాంతపు పెద్దల నోట "ధాత కరవు" అను మాట మనమందరము చిన్ననాట విన్నదే. 1876లో వానలు తప్పగా మొదలై 1878 వరకు సాగిన ఆ కరవునాటికి అనంతపురము జిల్లా లేదు. 1882లో గాని అది బళ్ళారి జిల్లా నుండి విడివడలేదు. అప్పుడు మనము గుత్తి తాలూకాలోని వారము.

ఆ కరవులో దొరతనమువారు రోడ్డు పనులు, చెరువు పనులు తెరచి కూలి యిచ్చిరి. 1877 జనవరిలో వైస్రాయి పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఆ కూలిని తగ్గించెను. దినమంతయు కష్టించిన మగవానికి ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, దానిపై ఒక అణా. స్త్రీకిని, పనిచేయు పిల్లలకును అంతకన్న తక్కువ. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ ఇది ప్రాణము నిలుపుటకు చాలదని, ఒకటిన్నర పౌనైనను ఇచ్చి పప్పు, కూరగాయలు చేర్చవలెనని గట్టిగా వాదించెను. ఆ పిమ్మట మద్రాసు ప్రభుత్వము కొంత పెంచినది.

ఈ వాదమును చదువునప్పుడు మాకు మనస్సున నిలిచినది పౌన్ల లెక్క కాదు, స్త్రీకి తక్కువ అన్న ఆ చిన్న మాట. మట్టి త్రవ్వినవాడును, ఆ మట్టిని గంపతో కట్టమీదికి మోసినదియు ఒకే ఎండలో నిలిచినవారే గదా! చేసిన పనిని కొలువక, ఏ దేహమునకు ఎంత తిండి చాలునో కొలిచి కూలి కట్టిరి.

కరవు పోయినను ఆ కొలత పోలేదు. మన శెనక్కాయ చేలలో కాడి మగవారిది, కలుపు ఆడవారిది. పని వేరు గనుక కూలి వేరు అనుట అందరికిని సులభమైనది. నడుము వంచి దినమంతయు కలుపు తీయుట తేలిక పని యని చెప్పువారు ఒక్క సాలు తీసి చూడవలెను. మన ఊరి మగ్గముల సంగతియు అంతే. చీరకింతయని కూలి నేతగాని చేతికి వచ్చును, కండెలు చుట్టిన ఇల్లాలికి వేరే లెక్క లేదు.

ఒకే విధమైన పనికి సమాన వేతనమను చట్టము 1976లో వచ్చినది. 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోనే, నార్పల మండలము బండ్లపల్లిలో, ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకమును ప్రారంభించిరి. అందు త్రవ్విన మట్టిని కొలిచిరి, ఆడ మగ అను రెండు ధరలు పెట్టలేదు. ఆ కొలత పద్ధతి చేలలోనికి మాత్రము అంత త్వరగా దిగలేదు.

ఇతరులను అనుటకు ముందు మన యింటి సంగతి. ఈ వ్యాసము కొరకు మేము ఒక సంఘపు పాత జమాఖర్చు పుస్తకము చూచితిమి. ఆలయపు ప్రహరీ కట్టినప్పటి లెక్క అందులో చక్కని దస్తూరీతో ఉన్నది. మగ ఆళ్ళు ఒక వరుస, ఆడ ఆళ్ళు ఒక వరుస, ఎదురుగా రెండు వేర్వేరు ధరలు. క్రింద పెద్దల సంతకములు.