ఎక్స్‌గ్రేషియా
హైటెక్ సిటీ జీతాల చీటీల్లో బోనస్‌కు మరో పేరైన ‘ఎక్స్‌గ్రేషియా’ను పత్రికలు పేలుళ్ల మృతుల కుటుంబాలకిచ్చే ‘పరిహారం’గానూ రాస్తున్నాయి. ఇంగ్లీషు చట్టభాష మీదుగా మనకొచ్చిన ఈ లాటిన్ మాటకు అర్థం ‘దయతో’. బాధ్యత ఒప్పుకోకుండా ఇచ్చేది. సంస్కృత ‘హృ’ ధాతువుకు ‘పరి’ చేరిన పరిహారం వేరు: దోషపరిహారంలో తొలగించడం, నష్టపరిహారంలో బాకీ తీర్చడం. పేలుళ్ల బాధితుల విషయంలో ఈ తేడా చిన్నది కాదు. 2007 ఆగస్టు 25న హైదరాబాద్‌లోని లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లలో 42 మంది పోయారు. 2013 దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల దోషుల ఉరిశిక్షలను హైకోర్టు సమర్థించేసరికి 2025 ఏప్రిల్ వచ్చింది. బాధితులకు పరిహార పథకం పెట్టాలని, సీఆర్‌పీసీలో 2008 సవరణతో చేరిన 357ఏ సెక్షన్ రాష్ట్రాలను ఆదేశించింది. ప్రజల ప్రాణాలు కాపాడాల్సిన ప్రభుత్వం ఆ కుటుంబాలకు చెల్లించేది దయాధర్మం కాదు, వాళ్ల హక్కు. దాన్ని పరిహారంగానే ఇవ్వాలి.